నాన్నగారి జేబు పిస్తోలును తమ స్వాధీనం చేసుకొనుటను గురించి

ఆయుధ లైసెన్సుల అధికారి గారి సముఖమునకు, తమ కార్యాలయం ప్రహరీ పక్కన టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టి బతికే మనిషి వ్రాసుకొను మనవి.

విషయం: పశువైద్యులుగా పనిచేసి ఉద్యోగ విరమణ పొందిన నా తండ్రిగారి పేర లైసెన్సు గల చిన్న బోరు జేబు పిస్తోలు ఒకటి, తూటాలు ఆరు, వెంటనే స్వాధీనపరచుకొనవలెనని ప్రార్థన. నాలుగవ పర్యాయము.

అయ్యా,

పందొమ్మిదేళ్లుగా ఇతరుల కష్టాలకు వరుస సంఖ్యలు వేసి టైపు చేస్తున్నాను. నా కష్టం కూడా అలాగే వ్రాస్తున్నాను. వేరే పద్ధతి నాకు చేతకాదు.

1. సదరు పిస్తోలు నా తండ్రిగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో, పని మానుకుని వెళ్లిపోతున్న పెద్ద డాక్టరు వద్ద నుండి సంక్రమించినది. అరచేతిలో ఇమిడిపోవును. కోటు లోపలి జేబులో పెట్టుకొనుటకు తయారైనది. ఇక లేవలేని పశువులను బాధ నుండి తప్పించుటకు అని లైసెన్సులో కారణము చూపబడినది. నాన్న దాన్ని ఒకే ఒక్కసారి వాడారు. బండి బోల్తాపడి వెన్ను విరిగిన గుర్రం అది. ఇంత సన్న బోరు గొట్టంలో పట్టే తూటా చిటికెన వేలి గోరంత ఉంటుంది. మొదటిది గుర్రం నుదుటి ఎముక దగ్గరే ఆగిపోయింది. గుర్రం కళ్లు తెరిచి నాన్న వైపు చూసిందట. రెండోది పేల్చవలసి వచ్చింది. ఆ రోజు ఇంటికి రాగానే నాన్న దాన్ని బీరువాలో పెట్టేశారని అమ్మ చెప్పేది. అది మొదలు పిస్తోలు బీరువా దాటి బయటికి రాలేదు. లైసెన్సు మాత్రం ఏనాడూ గడువు తప్పనివ్వలేదు. అది ఆయన స్వభావం.

2. తండ్రిగారికి ఇప్పుడు ఎనభై రెండేళ్లు. నాలుగేళ్లుగా జ్ఞాపకం ఒక్కో గదీ ఖాళీ చేసుకుంటూ పోతోంది. నన్ను కాంపౌండరు అనుకుంటారు. సూదులు మరగబెట్టావా అని అడుగుతారు. మరగబెట్టానండీ అంటాను. మా తల్లిగారికి ఎముకల్లోకి పాకిన జబ్బు. ఏడు నెలలుగా మంచం మీదే ఉన్నది. ఒత్తిగిలిస్తే మూలుగుతుంది. ఒత్తిగిలించకపోతే వీపు పుండ్లు పడుతుంది. రోజుకు ఆరుసార్లు ఒత్తిగిలించవలెనని డాక్టరు ఉత్తర్వు.

3. గత నెల ఒకనాడు మధ్యాహ్నం రెండున్నరకు నేను పెరట్లో కుళాయి దగ్గర అమ్మ దుప్పట్లు ఉతుకుచుంటిని. లోపల అమ్మ మూలుగుతోంది. తర్వాత నాన్న గొంతు వినిపించింది. చాలా కాలంగా వినని గొంతు. ముసలి గొంతు కాదు, ఆసుపత్రిలో వాడే గొంతు. తడి చేతులతోనే వెళ్లాను.

నాన్న కోటు వేసుకుని మంచం పక్కన నిలబడి ఉన్నారు. ఎడమ చేయి అమ్మ నుదుటి మీద ఉంది. బెదిరిన ఆవును నిమిరినట్టు నిమురుతున్నారు. కుడి చేతిలో పిస్తోలు.

"ఊరుకోమ్మా, ఊరుకో. ఇంక నొప్పి ఉండదు" అన్నారు.

నేను గుమ్మంలో ఉండగానే నొక్కారు. పెట్టె గొళ్లెం పడ్డంత చప్పుడు. అంతే. ఆ తూటా నాకంటే పెద్దది వయసులో. దాని అడుగున ఉండే మందు ఎప్పుడో చచ్చిపోయింది. అందువల్ల మా అమ్మ బతికి ఉన్నది.

నాన్న పిస్తోలును పైకెత్తి చూసుకున్నారు. "మందు పాతబడిపోయిందమ్మా. కొత్తది తెప్పిస్తాను" అని అమ్మకు చెప్పి, దాన్ని నా చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

నా తండ్రి నా తల్లిని చంపబోయెను అని వ్రాయమని ఒక ప్లీడరుగారు సలహా ఇచ్చినారు. అలా వ్రాస్తేనే కదులుతుందట. వ్రాయలేను. కేసవుతుందని కాదు. అది నిజం కాదు. ఆయన వైద్యం చేయబోయారు.

4. మరునాడే తమ కార్యాలయమునకు వచ్చి మొదటి అర్జీ ఇచ్చుకున్నాను. లైసెన్సుదారు స్వయముగా హాజరై అప్పగించవలెనన్నారు. నాన్నకు గడ్డం గీసి, కోటు తొడిగి తీసుకొచ్చాను. గుమాస్తాగారు తన కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టారు. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా పెద్దాయనా అని అడిగారు.

"ఒక కేసు మిగిలుందండీ. అది ముగించి ఇచ్చేస్తాను" అన్నారు నాన్న.

లైసెన్సుదారు సుముఖముగా లేరు అని నమోదైనది.

5. రెండవ అర్జీకి వైద్య ధ్రువపత్రము జతపరచితిని. అది చదివి గుమాస్తాగారు తల పట్టుకున్నారు. "మతి సరిగా లేదంటే ఆయన సంతకం చెల్లదు. ఉందంటే ఆయనే ఒప్పుకోవాలి. నన్నేం చేయమంటావో నువ్వే చెప్పమ్మా" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆయన అర్జీలు కూడా నేనే టైపు చేశాను. కోర్టు నుండి సంరక్షణ ఉత్తర్వు తెమ్మన్నారు. కోర్టువారు ఎనిమిది నెలల తర్వాతకు తేదీ ఇచ్చారు. అమ్మకు డాక్టరుగారు ఇచ్చిన గడువు అందులో సగం కూడా లేదు.

పోనీ తూటాలైనా తీసుకోండి అన్నాను. ఆయుధము లేకుండా తూటాలు మాత్రమే జమ చేసుకొనుటకు రిజిస్టరులో గడి లేదట.

6. పనికిరాని ఆయుధమని తేలితే తీసుకోవచ్చునని ఎవరో చెప్పగా మూడవ అర్జీ పెట్టితిని. తుపాకులు పరీక్షించే మేస్త్రీగారి వద్దకు పంపినారు. నన్ను గోడ అవతల నిలబెట్టి, మిగిలిన పది తూటాలలో నాలుగింటిని చెక్కల మీద పేల్చారు. ఒక తూటా రెండు చెక్కలను తొలుచుకుపోయింది. ఒకటి మొదటి చెక్కలోనే ఇరుక్కుంది. ఒకటి నొక్కిన క్షణానికి కాక, ఊపిరి పీల్చి వదిలేంత ఆలస్యంగా పేలింది. నాలుగోది పేలనే లేదు. మేస్త్రీగారు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి నాతో అన్న మాట ఉన్నదున్నట్టు వ్రాస్తున్నాను.

"ఈ తూటాలకి మాట నిలకడ లేదమ్మా. పేలుతుందని నమ్మలేం. పేలదని అసలే నమ్మలేం."

కాని కాగితం మీద ఆయన వ్రాసినది వేరు. ఆయుధము పనిచేయు స్థితిలో ఉన్నది, తూటాలు కాలము చెల్లినవి, కొత్తవి కొనదగును అని వ్రాసినారు. తత్ఫలితముగా పిస్తోలును, ఆరు తూటాలను తిరిగి నా చేతికే ఇచ్చి, నా తండ్రిగారి పేర ఇరవై ఐదు కొత్త తూటాలు కొనుటకు అనుమతి పత్రము మంజూరు చేసినారు. దాన్ని రోడ్డు మీద నిలబడి రెండుసార్లు చదివాను. నాన్న తెప్పిస్తానన్న కొత్త మందుకు తమ కార్యాలయమే చీటీ రాసిచ్చింది.

7. ప్రస్తుతము సదరు పిస్తోలు నా సంచిలో ఉన్నది. ఇంట్లో ఉంచలేను. నాన్న బీరువాలు వెతుకుతున్నారు. లైసెన్సు లేని నేను దాన్ని వెంట తిప్పుకొనుట నేరము. ఆ సెక్షను నంబరు నాకు కంఠతా వచ్చు. ఎక్కడైనా పారవేద్దామంటే, ఈ తూటాల సంగతి తెలియని వాళ్లెవరి చేతికో దొరుకుతుంది. పోయిందని వ్రాసిస్తే నాన్న మీద విచారణ వస్తుంది. పోలీసువారు అడిగే ప్రశ్నలకు, ఆయన ఆ గుర్రం గురించి చెబుతారు.

కావున పై సంగతులు తాము చిత్తగించవలెను. సుముఖత, స్థిమితము, గడి, ఈ మూడింటిలో ఏది లేకపోయినా సరే, ఆ వస్తువును నా సంచిలోంచి తమ బల్ల మీదకు మార్చుకొనుటకు ఒక్క మాట ఉత్తర్వు దయచేయించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ప్రహరీ పక్క టైపిస్టు

తా.క. టైపు మిషను మీద ఇది కొట్టలేక చేత్తో రాస్తున్నాను. ఈ పొద్దున ఒత్తిగిలిస్తుంటే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఆ రోజు మీ నాన్న చెయ్యి ఎంత చల్లగా ఉందో తెలుసా అమ్మడూ" అంది. ఆ పిస్తోలు ఎక్కడ పెట్టావని అడిగింది. ఆఫీసువాళ్లు తీసేసుకున్నారని చెప్పాను. నా మొహం చూసింది. అబద్ధమని తెలిసిపోయింది. గోడ వైపు తిరిగి పడుకుంది. తనంతట తనే తిరిగింది, ఏడు నెలల్లో మొదటిసారి. ఎంత నొప్పి పెట్టిందో నాకు తెలుసు. నేను వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చూసుకుంటే నా చెయ్యి సంచిలో ఉంది. నాన్నకు ఇవాళ చేసింది రేపటికి గుర్తుండదు. నాకు ఉంటుంది. అయ్యా, మూడు అర్జీల్లోనూ తప్పు రాశాను. దాన్ని తీసుకోవలసింది నాన్న దగ్గర నుంచి కాదు.