తెల్ల కవరు

క్లిఫర్డ్,

నువ్వు క్షేమంగానే ఉంటావని తెలుసు కాబట్టి అడగడం లేదు.

ఏప్రిల్‌లో నీ స్నేహితురాలిని బంతి దొర్లించే బౌలింగ్ ఆటకి తీసుకెళ్తానని నా కారు పట్టుకెళ్ళావు. ప్రైవేటు పార్కింగులో ఇచ్చిన గడువు దాటించావు. కారు నా పేరున ఉంది కనక జరిమానా నోటీసు నాకొచ్చింది. "అవన్నీ ఉత్త బెదిరింపులక్కా, పడెయ్. బాకీలు వసూలు చేసేవాళ్ళు కోర్టు కాదుగా, ఏం పీకుతారు?" అన్నావు. నమ్మాను. ఆ వసూలువాళ్ళు పంపిన ఎర్ర అక్షరాల కవర్లన్నీ విప్పకుండానే కాగితాల చెత్తడబ్బాలో వేశాను.

ఈ ఉదయం పక్కింటి డెస్మండ్‌తో ఆ మాట గొప్పగా చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. "ఎర్రవి పారేస్తే పారేశావుగానీ, లాయరు దగ్గర్నుంచి తెల్ల కవరేమైనా వచ్చిందా తల్లీ? దాని తర్వాత కోర్టే" అన్నాడు.

వచ్చింది, క్లిఫర్డ్. దాన్నీ పడేశాను.

అప్పటికే చెత్తలారీ మా వీధిలోకి తిరిగింది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తి, నడుము దాకా డబ్బాలో దూరి వెతికాను. దొరికింది. కోర్టు తీర్పు నా మీద పడితే అది నా అప్పుల రికార్డుకెక్కి, కొత్త ఫ్లాటు నాకెవరూ అద్దెకివ్వరు. ఆ సంగతి నీకూ తెలుసు.

కారు నడిపింది మీరు కాకపోతే నడిపినవారి పేరు, చిరునామా తెలపమని అందులో ఉంది. అమ్మకి ఫోన్ చేస్తే, "తమ్ముడేగా, నువ్వే కట్టెయ్యవే" అంది.

రాసి, పోస్టు చేసి వచ్చాను. ఇక ఆ కవర్లు నీ ఇంటికే వస్తాయి. ఎర్రవి నీ ఇష్టం. తెల్లది మాత్రం పారెయ్యకురా.

మీ అక్క