డైస్‌కి పెట్టిన బొట్టు

షామ్‌బర్గ్,
అక్టోబర్ 1984.

మా సుమతి వదినకి,

ఫ్రీమాంట్‌లో మీరంతా బావున్నారనుకుంటాను. ఇక్కడ నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. షాపు కౌంటర్ మీదే గబగబా రాస్తున్నాను, కొట్టివేతలుంటే సర్దుకోండి. మీ తమ్ముడికి చెప్తే "నీ షాపు గొడవలు నాకెందుకే" అని పేపర్ అడ్డం పెట్టుకుంటారు. ఇంకెవరికి చెప్పను?

మా షాపులో బొమ్మ రైళ్ళు, స్టాంపులతో పాటు ఆ కథల ఆట సామాను కూడా అమ్ముతానని మీకు తెలుసుగా. వెనకాల టేబుల్ వేసిందీ నేనే. శనివారం వస్తే చాలు, ఆ ఆట ఆడేవాళ్ళు దాని చుట్టూ చేరతారు. వాల్టర్ అని పోస్టాఫీసులో పనిచేసేవాడు, నలభై దాటినవాడు, కథ నడుపుతాడు. మిగతావాళ్ళలో ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ, ఒకడు కత్తి వీరుడు. బోర్డు లేదు, గెలుపు లేదు, ఓటమి లేదు. గుహలో రాక్షసుణ్ణి పొడిస్తే తగిలిందా లేదా అన్నది డైస్ వేసి తేలుస్తారు. దానికి మళ్ళీ రూల్ మీద రూల్. పొద్దున్న గుహ తలుపు దగ్గర మొదలెట్టిన వాదన సాయంత్రానికి కూడా తలుపు దాటదు వదినా! చిప్స్ ముక్కలన్నీ నా కార్పెట్ మీద. కొనేది మాత్రం ఓ పెన్సిలు.

ఇక ఆ ఆట రూళ్ళుండే పుస్తకాల అట్టలు! వెనకాల డ్రాగన్‌ని ఎంత బాగా వేస్తారంటే, ఒక్కో పొలుసూ చేత్తో తడమొచ్చు అనిపిస్తుంది. ముందు నిలబడ్డ ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి పెయింటు అయిపోతుంది కాబోలు, ఇనప రవిక ముక్క, ఇనప గోచీ. అదీ మంచులో! "యుద్ధానికెళ్ళేదానికి పొట్ట మీద ఇనుము అక్కర్లేదా వాల్టర్?" అంటే, "అది ఆర్ట్ నళినీ, నీకర్థం కాదు" అన్నాడు. పక్కనున్న వీరుడికి మెడ దాకా ఇనుమే. వాడికి ఆర్ట్ అక్కర్లేదేం?

సరే, అసలు సంగతి. మొన్న ఆయుధపూజ చేశాను. ఏటా క్యాష్ రిజిస్టర్‌కీ కత్తెరకీ బొట్టు పెడతాగా. ఈసారి ఏమనిపించిందో, మనకి అన్నం పెట్టేవి ఇవీ కదా అని ఆ ఆటకి అమ్మే సీసం బొమ్మలకి, రాక్షసులకీ డ్రాగన్లకీ, పసుపు కుంకుమ పెట్టాను. వాల్టర్ తన డైస్ డబ్బా టేబుల్ మీదే మర్చిపోయి వెళ్ళాడు. వాటికీ పెట్టాను. గుమ్మంలో నిమ్మకాయ కోసి కుంకుమ అద్దాను. అందరి మంచీ కోరే కదా చేసింది!

సరిగ్గా అప్పుడే మిసెస్ నోవాక్ వచ్చింది, ఈ షాపు మాకు అద్దెకిచ్చినావిడ. ఈ ఆట దయ్యాల పూజ అని టీవీలో ఒకటే ఊదరగొడుతున్నారుగా. రాక్షసుల నుదుట ఎర్రగా చూసి "రక్తమా?" అని గోడకి అతుక్కుపోయింది. నెలాఖరుకి ఆ టేబులైనా తీసెయ్, షాపైనా ఖాళీ చెయ్ అనేసి వెళ్ళింది.

వాల్టరైనా నా తరఫున ఒక మాట అంటాడనుకున్నాను. శనివారం మిగతావాళ్ళతో వచ్చి డబ్బా తెరిచి, "నా డైస్ ముట్టుకున్నావా!" అని అరిచాడు. పరాయివాళ్ళు ముట్టుకుంటే వాటి అదృష్టం పోతుందట. మడి వదినా, మడి! మా అమ్మమ్మ కూడా ఇంత పట్టించుకోలేదు. అందర్నీ లేపుకుని వెళ్ళిపోయాడు.

మీకు తప్ప ఎవరికీ చెప్పను. ఇన్నేళ్ళూ వాళ్ళకి కుర్చీలు వేశాను, కాఫీలు పెట్టాను. ఒక్క శనివారం, ఒక్కడంటే ఒక్కడు, "నువ్వూ కూచో" అనలేదు. స్టాంపులు సర్దుతున్నట్టు నటిస్తూ ఆ కథంతా చెవులప్పగించి వినేదాన్ని. గుహలో చిక్కుకున్న ఆ ముసలి రాజు ఏమయ్యాడో ఇప్పుడు నాకెవరు చెప్తారు? తలుచుకుంటే ఏడుపొస్తోంది, నవ్వకండి.

టేబుల్ మడిచేస్తున్నాను. ఆ చోట ఊలు ఉండలు పెడతాను. ఊలు వాదించదు.

మీ
నళిని

*

షామ్‌బర్గ్,
నవంబర్ 1984.

వదినా,

మీ ఉత్తరం సమయానికి అందింది. "మడిచే ముందు ఆవిడకి ఓసారి కుంకుమ చూపించవే" అని రాశారుగా, అలాగే భరిణె పట్టుకుని నోవాక్ ఇంటికెళ్ళాను. చూద్దును కదా, గుమ్మం పైన సుద్దతో ఏవో అంకెలు, అక్షరాలు! ఇదేంటంటే, చర్చిలో దీవించిన సుద్దట. ఇంట్లోకి చెడు రాకుండా జనవరిలో రాస్తారట.

"నాదీ అంతే, కాకపోతే ఎరుపు" అని భరిణె తెరిచాను. వాసన చూసింది. వేలికి రాసుకుంది. పసుపూ సున్నమూ కలిపి చేస్తారని చెప్పాను.

"మరి ఆ రాక్షసులకెందుకు పెట్టావు?"

"వాటినే కదమ్మా అమ్ముకుంటున్నది!"

భరిణె మూత పెట్టి నా చేతికిచ్చింది. తర్వాత, "మా నాన్న చేపల పడవ మీద చర్చి ఫాదర్ దీవించిన నీళ్ళు చల్లేవాడు" అంది. టేబుల్ ఉండనిమ్మంది. గుమ్మంలో నిమ్మకాయ మాత్రం వద్దట, ఎవరైనా తొక్కి జారిపడతారట.

శనివారం వాల్టర్ ఒక్కడే వచ్చాడు. డైస్‌ని గిన్నెల సబ్బుతో కడిగేశాడట. అప్పట్నించీ ఒక్కటీ సరిగ్గా పడటం లేదట. నేల చూపులు చూస్తూ, "ఆ ఎర్రది మళ్ళీ పెడతావా?" అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను.

"పెడతాను. ముందు నాకో కుర్చీ వెయ్యి."

"నువ్వు ఆడతావా?"

"ముసలి రాజు సంగతి తేల్చకుండా పోయావు. ఇంకేం చెయ్యమంటావు?"

నోరు తెరిచాడు. "అదంతా విన్నావా?" అన్నాడు. కుర్చీ అతనే మోసుకొచ్చాడు.

ఆటలో నా మనిషి పేరు సీతమ్మ. గుహల్లో ఉప్పూ పప్పూ అమ్ముకుంటుంది. మెడ నుంచి మోకాళ్ళ దాకా ఇనుము వేయించాను, ఆర్ట్ సంగతి వాళ్ళు చూసుకుంటారు. రూళ్ళ మీద నా కోపమేం తగ్గలేదు వదినా. నిన్న కూడా తలుపు దగ్గరే పొద్దుపోయింది. కాకపోతే గట్టిగా అరిచింది నేనే.

నాకంటూ ఆకుపచ్చ డైస్ తీసుకున్నాను. బొట్టు పెట్టి స్టీలు డబ్బాలో దాచుకున్నాను. రాత్రి మీ తమ్ముడు "ఏంటే ఇవి?" అని అందులో చెయ్యి పెట్టబోయారు.

ఆ చేతి మీద ఒక్కటి వేశాను.

మీ
నళిని