కెమెరాలో ఐదుగురికే చోటు

ఆగస్టు 3
అక్క కొడుకు నెలలు నిండకుండానే ఊడిపడ్డాడు. గుప్పెడంత మనిషి, ఒళ్లంతా వైర్లు. వాడు పై అంతస్తులో ఇన్‌క్యుబేటర్‌లో, అక్క కింద వార్డులో బీపీతో. మంచం దిగకూడదట. ఇంకా కొడుకు మొహమే చూడలేదు.

మానిటర్ కుయ్‌మన్నప్పుడల్లా నేను కెవ్వుమంటున్నాను. వాడు కాలు తన్నితే సెన్సర్ జారిందట, అంతే. హెడ్ నర్సు ముందు బిడ్డను చూసి, తర్వాత తెర చూస్తుంది. నేను తెర చూసి నేరుగా దేవుణ్ణి పిలుస్తున్నాను.

ఆగస్టు 4
హెడ్ నర్సుది కంచు గొంతే గానీ మనసు వెన్న. వాడి మీదికి కెమెరా పెట్టించి, అక్కను ఫోన్‌లో చూసుకోమని పాస్‌వర్డ్ ఇచ్చింది. అక్క ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది.

ఆ సంబరంలో నేనో ఘనకార్యం చేశాను. పాస్‌వర్డ్ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశాను.

ఆగస్టు 5
కొంప మునిగింది. పిల్లాడు ఒకే పక్కకి పడుకున్నాడు, మెడ పట్టేస్తుంది, కాస్త తిప్పమ్మా అని అమ్మమ్మ వార్డుకే ఫోన్ చేసిందట. పెదనాన్న మానిటర్ అంకెలన్నీ డాక్టరుకు చదివి వినిపించాడట. ఆయన రిటైరయింది బ్యాంకులో. కొడుకు ఆవలించాడని బావ ఆఫీసు మీటింగులో చప్పట్లు కొట్టాడట.

హెడ్ నర్సు నన్ను పిలిచింది. మీవాళ్లకి యూనిఫాంలు కుట్టించమంటావా అని అడిగింది.

ఆగస్టు 5, సాయంత్రం
కెమెరాలో ఒకేసారి ఐదుగురికే చోటట. ఐదూ నిండాయి. కన్నతల్లి ఫోన్‌లో మాత్రం ‘తర్వాత ప్రయత్నించండి’ అని వస్తోంది.

అక్క ఫోన్ బోర్లించి గోడవైపు తిరిగి పడుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆగస్టు 6
అక్కకు చోటివ్వమని అందరికీ ఫోన్ చేసి దణ్ణాలు పెట్టాను. ఒక్కరూ దిగలేదు. ముందు వాళ్లను దిగమను అంటారు ఒకరు, ఇప్పుడే కళ్లు తెరిచాడే ఆగు అంటారు ఇంకొకరు. బస్సులో కిటికీ సీటు అనుకున్నారు. పాస్‌వర్డ్ మార్చే టెక్నీషియన్ సోమవారం గానీ రాడట.

హెడ్ నర్సు దగ్గరికెళ్లి తప్పు నాదేనని కాళ్లావేళ్లా పడ్డాను. ఇకనుంచి కబుర్లు తనే రోజూ నాకు చెబుతుందట, నేను అందరికీ చెప్పాలట. వార్డు ఫోన్ మోగకూడదట. సరే, మరి అక్క సంగతేంటన్నాను. బీపీ దిగనీ అంది.

ఆగస్టు 7
దిగింది! హెడ్ నర్సే చక్రాల కుర్చీ తోసుకుంటూ అక్కను పైకి తీసుకెళ్లింది. వాణ్ణి వైర్లతో సహా తీసి అక్క గుండెల మీద పడుకోబెట్టింది. మానిటర్ ఒక్కసారీ కుయ్‌మనలేదు. నేనూ కెవ్వుమనలేదు.

నా ఫోన్ మాత్రం ఒకటే మోత. కెమెరాలో ఖాళీ పక్క కనబడుతోందని ఐదుగురూ గగ్గోలు.

ఆగస్టు 7, కాసేపటికి
గ్రూప్‌లో రాశాను: వాడు వాళ్లమ్మ దగ్గరున్నాడు. తర్వాత ప్రయత్నించండి.