జాబితాలో రూపశ్రీ పేరు

బంగారుపాళ్యం,
13 జూలై 2025, ఆదివారం.

చిరంజీవి రూపశ్రీకి,

మీ డ్రిల్లు సారు మునిశేఖర్ ఆశీస్సులతో రాసేది. ఇక్కడ మేమంతా బాగుండాము. నాయుడుపేటలో నువ్వు, మీ పిన్నమ్మ రాఘవమ్మగారు కుశలంగా ఉంటారని తలుస్తాను. కాలేజీలో చేరినావని, క్లాసు రెండో అంతస్తులో అని మీ అమ్మ చెప్పింది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోని ఎక్కు. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

నీ జాబు బుధవారం అందింది. ఫోను చేస్తే ఎత్తనిదానివి, జాబు రాస్తావని అనుకోలేదు. రూళ్ళ కాగితం మీద నాలుగే వరసలు. సార్, మీ పేరు చెడగొట్టినాను, కాలు సరిగ్గా పెట్టకపోవడం నా తప్పే, నన్ను క్షమించండి అని రాసినావు. నాలుగు దినాలుగా అది నా చొక్కా జేబులోనే ఉండాది. మొన్న స్కూల్లో లాంగ్ బెల్లు కొట్టి పిల్లోళ్ళంతా ఇండ్లకు పోయినా నేను గ్రౌండులోనే నిలబడుకోనుంటే, వాచ్‌మన్ చిన్నబ్బ వచ్చి, ఒంట్లో బాగలేదా సార్ అని అడిగినాడు.

ఊరి సంగతులు రాస్తాను. మామిడి కాయ అయిపోవస్తా ఉండాది. హైవే మీద తోతాపురి ట్రాక్టర్లు పల్చబడినాయి. మీ అమ్మ వసంతమ్మకు గుజ్జు ఫ్యాక్టరీలో ఇంకో వారమే పనంట. సొన తగిలి వేళ్ళు పొక్కిపోయినాయి. కొబ్బరినూనె పూసుకోమ్మా అంటే, పాపకు నయమైతే నాకూ నయమైతాది సార్ అనింది.

గ్రౌండుకు పొద్దున ఆరుమంది ఆడపిల్లలు వస్తా ఉండారు. నీ మోకాలికి అట్లయినాక ఎవురూ పంపరేమో అనుకున్నాను. పంపతా ఉండారు.

శుక్రవారం జట్టు ప్రకటించినారు. ఇండియా అండర్-17 అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు, ఇరవైమూడు పేర్లు. నీ పేరు ఉండదని ఏప్రిల్ నుంచి తెలిసిందే. తెలిసీ పైనుంచి కింద దాకా చదివినాను. అయినాక మళ్ళీ చదివినాను. ఎడమ వింగుకు ఇద్దరిని తీసుకోనుండారు. వాళ్ళు ఆడిన వీడియోలు వెతికి చూసినాను. మంచి పిల్లలే. ఇద్దరిలో ఎవరికీ నీ మాదిరి పరిగెత్తతా పరిగెత్తతానే లోపలికి తిరిగి కొట్టడం రాదు.

మొదటి జాబితా వచ్చింది డిసెంబరులో. దేశమంతా కలిపి అరవైమంది. జిరాక్సు అంగట్లో దాన్ని తీయించి నోటీసు బోర్డులో అంటించినాను. పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటే మీ అమ్మ వచ్చి, ఇందులో మా పాప యాడుండాది సార్ అని అడిగింది. నలభైరెండో పేరు చూపించినాను. ఆ వరస మీద వేలు పెట్టి, తీయకుండా ఎంతసేపు నిలబడిందో నీకు తెలీదు. నువ్వు అప్పుడు గ్రౌండులో ఉండావు.

అప్పట్నుంచి ఊరికంతా అదే పని. ఫిబ్రవరి క్యాంపు అయినాక ముప్పైఅయిదుమందే మిగిలినారు, అందులో నువ్వుండావు. మార్చిలో ఇరవై ఎనిమిది. అందులోనూ ఉండావు. మామిడి మండీలో తూకం వేసేవాళ్ళు కూడా నన్ను ఆపి, మన పాప పేరు ఉండాదా అబ్బా అని అడిగేవాళ్ళు. బంతి ఏ రంగో తెలియని లెక్కల టీచరు చంద్రకాంతమ్మగారు, ఇంక అయిదుగురే గదా పోవాల్సింది అని వేళ్ళు మడిచి లెక్క చెప్పేది.

ఏప్రిల్‌లో బెంగళూరు క్యాంపు తొమ్మిదో దినం నీ ఫోను వచ్చింది. ఎవరూ నా మీద పడలేదు సార్, తిరిగినాను, మోకాల్లో టప్పుమనింది, అన్నావు. నీ గొంతులో ఏడుపు లేదు. రేపటికి తగ్గిపోతాదా సార్ అని మాత్రం అడిగినావు. తగ్గతాదమ్మా అన్నాను.

మూడో దినం హైవే మీద బస్సు దిగినావు. ఇండియా బొమ్మేసిన టీషర్టు, రెండు చంకల్లో కర్రలు. మీ అమ్మ నిన్ను చూడకుండా బస్సు నంబరు చూస్తా నిలబడింది. తిరుపతిలో ఆపరేషనైనాక, ఏడాది దాకా బంతి ముట్టకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఏడాదికి ఈ జట్టు వయసు దాటిపోతాదని ఆమెకు తెలీదు. నీకు తెలుసు. గోడవైపు తిరిగి పడుకున్నావు.

ఆస్పత్రిలో చూడను వచ్చినోళ్ళందరికీ, నా తప్పే, కాలు తిన్నగా పెట్టలేదు అని నువ్వు చెప్తా ఉంటే, మంచం పక్కన నిలబడుకోని నేను విన్నాను.

డాక్టరమ్మ చెప్పిన వ్యాయామాలు మానొద్దు. వేళకు తిను. పిన్నమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే,
మునిశేఖర్

తా.క.: జాబు కవర్లో పెట్టి అంటించినాను. పోస్టు డబ్బా దాకా పోయి, వెయ్యకుండా వెనక్కి వచ్చి కవరు చించినాను. అసలు రాయాల్సింది రాయలేదు.

జనవరిలో కార్వేటినగరం మ్యాచిలో నీ మోకాలు వాచింది గదా. నిన్ను చిత్తూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకపోయినాను. స్కానింగ్ తీసినాక, నిన్ను కట్టు కట్టించుకోను నర్సు దగ్గరికి పంపించి, ఆయన నాతో చెప్పినాడు. లిగమెంటు సగం చిరిగింది, ఆర్నెల్లు ఆడనీయొద్దండి, ఆడితే మిగిలింది కూడా తెగిపోతాది, అన్నాడు. నేను బయటికొచ్చి, ఉత్త బెణుకేనంటమ్మా, పది దినాలు కట్టు ఉంచుకుంటే సాలు అని నీతో చెప్పినాను. రిపోర్టు డాక్టరే పెట్టుకున్నాడని మీ అమ్మకు చెప్పినాను. అది నా బీరువాలో ఉండింది. ఈ జాబుతో పంపతా ఉండాను.

ఫిబ్రవరి క్యాంపుకు అప్పుడు మూడు వారాలే ఉండాది. ఇరవైరెండేండ్ల సర్వీసులో నేను మధ్యాహ్న భోజనంలో గుడ్లు పంచినాను, ఎలక్షన్ డ్యూటీలు చేసినాను. డ్రిల్లు సారుకు పేరుంటాదని ఎవరికీ తెలీదు. నీ పేరు జాబితాలో వచ్చినాక రిపబ్లిక్ డే నాడు మండలాఫీసులో నన్ను ముందు వరసలో కూచోబెట్టి శాలువా కప్పినారు. డాక్టరు ఆ మాట చెప్పింది దానికి రెండు దినాల తర్వాత. నీ కోసమే దాచినానని ఇన్ని నెలలూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా కోసం దాచినాను.

చెప్పుంటే నువ్వు ఆడతాననే అనుందువేమో. అనేది మానేది నీ ఇష్టం, నీ కాలు. నిన్ను అడగను కూడా అడగలేదు.

పోస్టు డబ్బా దగ్గర్నుంచి నేరుగా మీ ఇంటికి పోయి మీ అమ్మకు ఇదంతా చెప్పినాను. తిట్టలేదు. చెబితే మేము పాపను క్యాంపుకు పంపము అనే గదా సార్ మీరు చెప్పలేదు, అనింది. అవునమ్మా అన్నాను. ఇది పాపకు మీరే రాయండి, నా నోటితో నేను చెప్పలేను, అనింది.

నేను ఎప్పుడొచ్చినా వాకిలి దాకా వచ్చి సాగనంపేది మీ అమ్మ. ఈపొద్దు లేవలేదు. నేనే తలుపు దగ్గరికేసి వచ్చినాను.