బాలమణి కొర్రల సలాడ్

మంగళవారం, వనపర్తి.

ఇంకా కోపం చల్లారలేదు. హాస్టల్లో ఆరోగ్య భోజనం మీద శిక్షణ అంటే చూడబోయాను. ఉడికించిన కొర్రల్లో పచ్చి దోసకాయ, క్యారెట్ కలపాలని వార్డెన్ మేడం చెప్పింది. పచ్చివి పశువులకే పెడతామని వంటమనిషి బాలమణి వాటిని వెల్లుల్లి తాలింపులో మగ్గబెట్టింది. పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి పెట్టించుకున్నారు.

"ఇది సలాడా, ఉప్మానా?" అంది మేడం.

ఊరుకుంటానా? కొర్రలు తిని పెరిగిన మనిషికి కొర్రలు వండడం మీరు నేర్పుతారా అని అందరి ముందూ కడిగేశాను. మేడం ముఖం ఎర్రబడింది. బాలమణిని రేపటి నుంచి పనిలోకి రావద్దంది.

గేటు దగ్గర బాలమణి నన్ను ఆపింది. "సార్, నువ్వు జర ఊకుంటే నేను రెండు తిట్లు తిని బయటపడ్తుంటి గదా."

నేనన్నదాంట్లో ఇప్పటికీ ఒక్క తప్పు కనబడడం లేదు. రేపు పొద్దున బాలమణి ఇంటికి పోయి ఏమని చెప్పను...