అమ్మ పెట్టెలో ఇరవైమూడు దరువులు

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, నాన్నా, పదకొండు పెట్టెలూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ కుట్టు తరగతి అమ్మాయిలూ, వాళ్ళు విరగ్గొట్టగా మిగిలిన సూదులూ క్షేమమని తలుస్తాను.

ముందు అసలు వార్త. కచేరీ అదిరిపోయింది! మీ ఆర్కెస్ట్రాకి ముప్ఫై ఏళ్ళు నిండాయంటే ఎవరొస్తారులే అనుకున్నాం. కుర్చీలు చాలక జనం టౌన్‌హాలు మెట్ల మీద కూర్చున్నారు. ఆఖరి పాట అయ్యేసరికి హాలు హాలంతా లేచి నిలబడింది. గిటారు మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, అడగకుండానే "చెమటలే" అన్నాడు. స్టేజీ మీద నీ కుర్చీలో కూర్చుని దరువులు వేసే నీ పెట్టెని, ఆ డ్రమ్ మెషీనుని నడిపింది నేనే. అదంతా వరసగా చెబుతాను. ముందు నీ ప్రశ్నలకి జవాబులు రాస్తాను, లేకపోతే అడిగింది తప్ప అన్నీ చెప్తావని మళ్ళీ దెప్పుతావు.

మొదటిది నాన్న మోకాలు. వాపు తగ్గింది. వినేవాళ్ళుంటే మూలుగుతూ మెట్లు దిగుతున్నాడు, ఎవరూ లేకపోతే చకచకా దిగుతున్నాడు. పై అంతస్తు నుంచి నా కళ్ళారా చూశాను.

రెండోది, "ఇంకో పెట్టె కొన్నావా? నిజం చెప్పు." కొన్నాను. మూతపడిన డ్యాన్సు స్కూలుది. రెండు పక్కలా చెక్క పలకలు, పైన నారింజ రంగు మీటలు. అందులో చప్పట్ల మీట నొక్కితే రేకుల మీద వడగళ్ళు పడ్డట్టే ఉంటుంది. లిఫ్టు పనిముట్ల సంచిలో దాచి తెచ్చాను గానీ, నా భుజం వాలడం చూసి నాన్న గుమ్మంలోనే "పదకొండోదా?" అన్నాడు. నీదాన్ని కూడా కలిపి లెక్కేస్తాడు ఆయన. మంచం కింద ఇక చోటు లేదు. మంచం మీద ఉంది గానీ అక్కడ నేను పడుకుంటున్నాను.

మూడోది, వంటింట్లో ఆ పాత టేపురికార్డరు పారేశారా లేదా అని. పారెయ్యలేదు. నువ్వు ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నా నాన్న చెవిన పెట్టకపోవడం మన ఇంటికి జరిగిన మహా మేలు. ఎందుకో కింద రాస్తాను, అప్పుడు ఒప్పుకుంటావు.

నాలుగో ప్రశ్న ఉంది. మర్చిపోలేదు. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

మొన్న ఆసుపత్రి లిఫ్టు రిపేరు చేస్తుంటే మా సూపర్‌వైజరు అడిగాడు, మీ అమ్మ దర్జీ కదా, ఆర్కెస్ట్రాలో ఆవిడకేం పని అని. రెంచి పక్కన పెట్టి మరీ చెప్పాను. ఆర్కెస్ట్రా వాళ్ళకి కోట్లు కుట్టడానికి రిహార్సల్ గదిలోనే కుట్టు మిషను వేసుకున్న మనిషి మా అమ్మ అన్నాను. డ్రమ్మరు అలిగి వెళ్ళిపోయిన రోజు, మూల పడి ఉన్న ఈ పెట్టెని ముట్టుకోవడానికి అందరూ జంకుతుంటే నువ్వు ముందుకు లాక్కున్నావని, మిషను తొక్కే కాలితో తాళం వేస్తూ సాయంత్రానికల్లా రెండు దరువులు తయారు చేశావని చెప్పాను. అలక తీరి డ్రమ్మరు తిరిగొచ్చేసరికి అతని కుర్చీ లేదు. ఆ తర్వాత మొత్తం ఇరవైమూడు దరువులు చేశావు, అన్నిటికీ నీ పనిలో మాటలే పేర్లు: కాలరు, జేబు, అంచు, కుచ్చు, కాజా. విరిగిపోయిన మీట ఉన్నచోట కోటు గుండీ అతికించావు. "కాజా అంటే?" అన్నాడాయన. గుండీ దూర్చే చీలిక అని నా చొక్కా చూపించాను. ఆ రోజు నుంచి నన్ను కాస్త మర్యాదగా చూస్తున్నాడు. అది నీ పుణ్యమే.

సన్నాయి లాంటి గొంతే కాదు, సన్నాయి అత్త పట్టు కూడా నీకు తెలుసు. కచేరీ మాట రాగానే, "మీ అమ్మ రాలేకపోతే ఆమె దరువులు రావాలి. అవీ రాకపోతే నేనూ రాను" అని తేల్చేసింది. ఆమె పాడకపోతే ఇక కచేరీ ఏముంది? కుట్టు తరగతి మధ్యలో వదిలి రాలేక నువ్వు పెట్టె ఉన్న బీరువా తాళం పంపావు. దాంతోపాటు ఒకే ఒక్క వాక్యం రాశావు: "జాగ్రత్త, నా వయసంతా అందులో ఉంది."

ఇక నాలుగోది. "గత ఉత్తరంలో నీ అక్షరాలన్నీ ఎందుకు కుడివైపు వాలిపోయాయి? ఏం దాస్తున్నావు?" అని అడిగావు. ఫోనులో గొంతు సర్దుకోవచ్చు గానీ కాగితం మీద చెయ్యి సర్దుకోలేరని నువ్వు అంటుంటే చాదస్తం అనుకునేదాన్ని. "నీ పెట్టె బ్రహ్మాండంగా ఉంది" అని రాశాను కదా. అబద్ధం అమ్మా. అది రాసేనాటికి నీ పెట్టె ఖాళీ. ఇరవైమూడిట్లో ఒక్క దరువు కూడా లేదు. చెరిపేసింది నేనే.

పాత పెట్టె ఏది ఇంటికొచ్చినా నేను చేసే మొదటి పని ఒకటే. అడుగు మరలు విప్పి లోపలి బ్యాటరీ ఊడదీస్తాను. పాతబడ్డ బ్యాటరీ కారిందంటే లోపలున్నదంతా తినేస్తుంది. తొమ్మిది పెట్టెలకి అలాగే చేశాను. నీ పెట్టె బల్ల మీదికి రాగానే అలవాటు ప్రకారం చెయ్యి మరల మీదికి పోయింది. టీ తాగుతూ, రేడియో వింటూ, కనీసం ఒక్కసారి స్విచ్చి వేసి చూడకుండా ఊడదీశాను. దరువుల్ని పెట్టె గుర్తుపెట్టుకునేది ఆ బ్యాటరీ బలంతోనే అని నాకు తెలియదా? పదేళ్ళుగా తెలుసు. ఊడదీశాక, అది అరచేతిలో ఉండగా గుర్తొచ్చింది. స్విచ్చి వేసి వరసగా అన్ని మీటలూ నొక్కాను. ఒక్క దరువూ పలకలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మిగతా తొమ్మిది పెట్టెల్లో ఏముండేదో నేనెప్పుడూ వినలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళవే కదా అని ఊడదీసి పారేశాను. ఆ తొమ్మిదింటిలో ఎవరి వయసు ఉండేదో! ఆ రోజు నుంచి అది నా గుండెల్లో ముల్లులా ఉంది. డ్యాన్సు స్కూలు పెట్టెని మాత్రం ముందు విన్నాను. చిన్నపిల్లలకి అడుగులు నేర్పే దరువులున్నాయి, మెల్లగా మొదలై పిల్లలు నేర్చుకునే కొద్దీ వేగం పెరిగేవి. అవన్నీ భద్రం చేశాకే బ్యాటరీ మార్చాను.

నీకు చెప్పే ధైర్యం లేక దొంగపని చేశాను. చిన్నప్పటి నుంచి విన్నవే కదా, మళ్ళీ నేనే చేసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కాలరు, జేబు బాగానే కుదిరాయి. రిహార్సల్లో కాజా వేశాను. సన్నాయి అత్త రెండో చరణంలో ఠక్కున ఆగిపోయింది.

"ఇది మీ అమ్మ కాదే."

"అమ్మదే అత్తా."

"నాతోనా అబద్ధం? మీ అమ్మ ఆఖరి దెబ్బ ఒక్క పిసరు ఆగి వేస్తుంది. నేను ఊపిరి తీసుకునేది ఆ సందులోనే. ఈ వయసులో ఆ సందు లేకపోతే చచ్చిపోతాను. ఏం చేశావో చెప్పు."

అందరి ముందూ ఏడ్చేశాను. అంతా చెప్పేశాను. అత్త తిట్టలేదు, అదే నాకు ఎక్కువ బాధ. మైకు వైరు చుట్టి పెట్టేసి వెళ్ళిపోయింది. కచేరీకి ఇక తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఇంటికొచ్చి నాన్నకీ చెప్పాను. ఆయన మెల్లగా, "మరి క్యాసెట్టు వేసి చూశావా?" అన్నాడు.

"ఏ క్యాసెట్టు?"

"గీమని అరుస్తుందే, అది."

నీకు గుర్తుందా, చిన్నప్పుడు నేను పాటలనుకుని పెట్టి, ఆ అరుపుకి జడిసి బీరువా వెనక దాక్కున్న దెయ్యం క్యాసెట్టు? మీద "చెరపొద్దు" అని తప్ప ఏమీ రాసి లేనిది? నువ్వు మూడుసార్లు చెత్తలో వేస్తే మూడుసార్లూ తిరిగి అలమరలో ప్రత్యక్షమైంది. తెచ్చి పెట్టింది నాన్న. ఆయన ముప్ఫై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న సంగతి ఇప్పుడు విను. మీకింకా పెళ్ళి కాని రోజుల్లో, ఆయన ఆర్కెస్ట్రాకి మైకులు పెట్టేవాడు కదా. నా పెట్టె ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతానని నువ్వు అందరినీ బెదిరించావట. ఓ రోజు నువ్వు టీకి వెళ్ళినప్పుడు, పెట్టెతో వచ్చిన పుస్తకం చూసి, అప్పటికే నువ్వు చేసేసిన ఇరవైమూడు దరువుల్నీ తన టేపురికార్డరులోకి ఎక్కించేశాడు. పాత పెట్టెలు దరువుల్ని అలా అరుపుగా మార్చి క్యాసెట్టుకి అప్పజెప్పగలవు. ఆ అరుపు తిరిగి వినిపిస్తే మళ్ళీ అవన్నీ గుర్తు చేసుకోగలవు.

"మరి ఇన్నేళ్ళూ అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"నా వేళ్ళు నాకు కావాలి కదమ్మా" అన్నాడు.

భయపడి దాచడంలో నేనూ ఆయన కూతుర్నే అని ఆ క్షణాన తెలిసింది. మొదటిరోజే ఆయనకి చెప్పి ఉంటే మూడు వారాల నరకం తప్పేది.

ఆదివారం మధ్యాహ్నం బల్ల వేసుకున్నాం. నా దగ్గరున్న మంచి డెక్కులో క్యాసెట్టు పెట్టి పెట్టెకి తగిలించాను. తప్పు అని చూపించింది. శబ్దం పెంచాను, తగ్గించాను, వైర్లు మార్చాను. ఎన్నిసార్లు పెట్టినా తప్పే. నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. నాన్న లేచి, మోకాలు సంగతే మర్చిపోయి, వంటింట్లోకి గబగబా నడిచి టేపురికార్డరు పట్టుకొచ్చాడు. "ఇది స్టేజీ మీంచి ఒకసారి పడింది. అప్పట్నుంచి దీని తల వంకర. ఆ వంకర తలతో ఎక్కించాను" అన్నాడు. టేపుని తాకే ఆ చిన్న ముక్కనే తల అంటాం. వంకరగా రాసినదాన్ని వంకరగానే చదవాలి! ఇన్ని పెట్టెలు విప్పిన నాకు తట్టలేదు. దాంట్లో మిగతా పాటలన్నీ దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటాయని కదా నువ్వు విసుక్కునేది. ఈ ఒక్క క్యాసెట్టు మాత్రం శుభ్రంగా పలికింది.

అరుపు మొదలైంది. పక్కింటి కుక్క మొరిగింది. నాన్న శబ్దం మీట మీద వేలు పెట్టి కదలకుండా కూర్చున్నాడు. పెట్టె మీది ఎర్ర అంకెలు ఒకటి, రెండు, మూడు అని ఎక్కుతూ పోయాయి. పద్నాలుగు దగ్గర ఆగినట్టనిపించి ఇద్దరం ఊపిరి బిగపట్టాం. మళ్ళీ కదిలాయి. ఇరవైమూడు! కోటు గుండీ మీట మీద వేలు వేసి కాజా నొక్కాను. ఆఖరి దెబ్బ ఒక్క పిసరు ఆగి పడింది. నువ్వు గదిలోకి నడిచి వచ్చినట్టే అనిపించింది. నాన్నా నేనూ చేతులు పట్టుకుని గంతులేశాం. ఆ మోకాలి నాటకం అక్కడితో సరి.

ఫోనులోనే అత్తకి కాజా వినిపించాను. ఆమె చరణం ఎత్తుకుని, ఆ సందులో హాయిగా ఊపిరి తీసుకుంది. కచేరీలో కూడా అంతే. ఆమె ఊపిరి తీసుకున్న ప్రతిసారీ నేను నీ పేరు తలుచుకున్నాను.

జనం లేచి నిలబడ్డారని రాశాను కదా. అసలు అప్పటికి పాటలన్నీ అయిపోయాయి. ఇంకొకటి అని ఒకటే గోల. అత్త నా వైపు తిరిగి, "ఏదో ఒకటి వెయ్యవే, అందుకుంటాను" అంది. ఏ పూనకం వచ్చిందో, ఇరవైనాలుగో దరువు నొక్కాను. అది నీది కాదు. ఆ వారమంతా పని నుంచి వచ్చి నేను చేసుకున్నది. లిఫ్టు తలుపులు మూసుకునే చప్పుడు తాళంగా పెట్టాను, ఒక దెబ్బ మాత్రం నీలాగా ఆపి వేశాను. అత్త ఒక్క క్షణం తల పక్కకి వాల్చి విని, పాట అందుకుంది. హాలు దద్దరిల్లింది. గిటారు మావయ్య తీగలు మీటుతూనే వంగి నా చెవిలో అడిగాడు, "ఇది మీ అమ్మది కాదు కదూ?"

"కాదు మావయ్యా."

"మీ అమ్మ కూతురిది" అని నవ్వి ముందుకి పోయాడు.

నీ పెట్టెకి కొత్త బ్యాటరీ వేశాను. క్యాసెట్టుకి మూడు నకళ్ళు తీశాను, ఒకటి అత్త దగ్గర ఉంచాను. నన్ను తిట్టాలంటే తిట్టు, నాన్నని మాత్రం వేళ్ళ విషయంలో క్షమించు. కాజా ఇన్నేళ్ళూ ఒంటరిగా ఉంది కదా అని నా దరువుకి గుండీ అని పేరు పెట్టాను. అడగకుండా నీ పెట్టెలో పెట్టేశాను. వచ్చాక విను. నచ్చకపోతే ఆ ఒక్కటీ చెరిపెయ్యి, బ్యాటరీ జోలికి మాత్రం పోకు.

ఈసారి అక్షరాలు నిటారుగా ఉన్నాయో లేదో చూసుకో.

ఇట్లు,
ముట్టుకోవద్దన్నది ముట్టుకున్న
నీ చిన్న కూతురు