నిద్రపోని పిల్ల

మార్చి 4
స్కూల్లో మళ్ళీ బరువు చూశారు. ఇంకా పెరిగింది. తొమ్మిదేళ్ళ పిల్లకి నా స్వెటర్ సరిపోతోంది. క్లాసులో కూర్చునే కునుకు తీస్తోందని టీచర్ ఫిర్యాదు. గున్నా అని వాళ్ళ నాన్న ముద్దుగా పిలిచేవాడు. ఇప్పుడు క్లాసంతా అలాగే పిలుస్తోందట. ముద్దుగా కాదు.

మార్చి 5
బిస్కెట్లు, కేకులు బంద్. రాత్రికి ఒక్క ప్లేటే. కన్నతల్లివా, సవతితల్లివా అని అత్తయ్య విరుచుకుపడింది. కొడుకు ఇల్లొదిలి పోయినా ఈవిడ నా దగ్గరే ఉండిపోయింది. అందుకే ఎదురు చెప్పను.

మార్చి 9
డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింట్లో నేలమీద కూర్చుని పంచదార తింటోంది. గుప్పెళ్ళతో. నన్ను చూసి డబ్బా వెనక్కి దాచింది. కొట్టాను. ఏడవలేదు. ఆకలేస్తోందమ్మా అంది, అంతే.

మార్చి 10
చెయ్యి ఇంకా మండుతోంది. నా చెయ్యి.

మార్చి 14
డాక్టరమ్మ తిండి గురించి రెండు ముక్కలే అడిగింది. రాత్రి ఎప్పుడు పడుకుంటావని గున్ననే అడిగింది. అమ్మ వచ్చాక, అంది ఇది.
నేనొచ్చేది అర్ధరాత్రి దాటాక. హోటల్ లాండ్రీలో దుప్పట్లన్నీ ఇస్త్రీ అయితేగానీ వదలరు. పెందలాడే పడుకుంటుందనే అత్తయ్య చెప్పేది. నేనొచ్చేసరికి కళ్ళు మూసుకునే ఉండేది, పంచదార తిన్న రాత్రి ఆకలికి లేచిందనుకున్నాను. మాత్ర వేసుకుని గుర్రుపెట్టే మనిషి, ఆవిడకేం తెలుసు!
నిద్ర చాలని పిల్లలకి ఆకలి ఎక్కువవుతుందట. తీపి మీదకే మనసు పోతుందట. పగలు ఒళ్ళు కదలదట. ఇదొక్కటే కారణమని చెప్పలేను, ముందు నిద్రపుచ్చండి అంది. కడుపు మాడ్చకండి అని కూడా అంది. తలెత్తలేకపోయాను.

మార్చి 17
పడుకోమని బతిమాలాను. బెదిరించాను. సైకిల్ కొంటానన్నాను. రాత్రి బ్రేక్‌లో ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది.

మార్చి 20
సెలవు. పక్కనే పడుకున్నాను. ఎందుకు పడుకోవే తల్లీ అని అడిగాను. గోడకేసి తిరిగి చెప్పింది. నేను నిద్రపోతుంటేనే కదా నాన్న వెళ్ళిపోయాడు, మేలుకుని ఉంటే ఆపేదాన్ని అంది.
ఏడాదిన్నరగా ఇది నాకు కాపలా కాస్తోంది. నేనేమో బిస్కెట్ డబ్బాకి కాపలా కాశాను.

మార్చి 23
షిఫ్ట్ మార్చమని సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడ్డాను. తెల్లవారుజాము షిఫ్ట్ ఒక్కటే ఖాళీ ఉందన్నాడు. అంటే అది నిద్రలో ఉండగా నేను వెళ్ళాలి. వాళ్ళ నాన్న వెళ్ళిన వేళకే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.
సరేనన్నాను.

మార్చి 24
కొత్త షిఫ్ట్ సంగతి గున్నకి దాచకుండా చెప్పేశాను. కంచం తోసేసింది. నీకు చెప్పకుండా గుమ్మం దాటనని ఒట్టేశాను. నాన్న కూడా ఒట్టేశాడుగా అంది. అత్తయ్య లేచి బయటికి వెళ్ళిపోయింది.

మార్చి 29
లేపి చెప్తే గుమ్మం దాకా వచ్చేస్తోంది. మళ్ళీ పడుకోవట్లేదట. అక్కడే కూర్చుంటోందట. ఉన్న నిద్ర కూడా పోగొట్టాను. దేవుడా, ఏం చెయ్యను?

ఏప్రిల్ 6
రోజూ చెప్పి వెళ్తున్నాను, చెప్పినట్టే తిరిగొస్తున్నాను. నిన్న తొమ్మిదిన్నరకే దాని కళ్ళు మూతలు పడ్డాయి. నటన అనుకున్నాను. నోరు తెరుచుకుంది. నటన కాదు.

ఏప్రిల్ 11, ఉదయం 5
వెళ్ళొస్తానని చెవిలో చెప్పాను. కళ్ళు తెరవలేదు. ఊ అంది. దుప్పటి లాక్కుని అటు తిరిగింది.
నాకే కాళ్ళు కదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది. పోనీ.